హోంవర్కూ ల్యాబూ ఒకదానికొకటి అక్కరకు వచ్చేలా చేయడం ఎలా? (తొమ్మిది, పది తరగతుల రసాయన శాస్త్రం)

లంక ఊరి టీచర్:

అందరికీ నమస్కారం. గోదావరి వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను తొమ్మిది, పది తరగతులకు భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. పదిలో 42 మంది, తొమ్మిదిలో 38 మంది పిల్లలు ఉన్నారు. ఎన్నాళ్ళుగానో నన్ను వేధిస్తున్న ఒక సమస్యను మీ ముందు పెడుతున్నాను.

గత నెలలో సున్నపురాయిని బాగా వేడిచేసినప్పుడు జరిగే చర్యకు సమీకరణం రాసి తుల్యం చేయమని హోంవర్కు ఇచ్చాను. మరునాడు దిద్దడానికి కూర్చుంటే, కార్బన్ డయాక్సైడు రాయవలసిన చోట మొదట కార్బన్ మోనాక్సైడు రాసి, దానిని అడ్డంగా కొట్టేసి, పక్కన సరిగా రాసిన పుస్తకం ఒకటి కనిపించింది. అదే చోట, అదే కొట్టివేత మరో పంతొమ్మిది పుస్తకాలలో కూడా కనిపించింది. అంటే పిల్లలు తప్పును చూసి రాశారు, ఆ తప్పును కొట్టేయడాన్ని కూడా చూసి రాశారు. నాకు కోపం రాలేదు కానీ చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆ హోంవర్కులో పిల్లవాడు తానుగా తెలుసుకోవలసినది ఏదీ లేదని, దానిని ఎవరు రాసినా ఒకటేనని నాకు అప్పుడే అర్థమైంది.

ల్యాబు సంగతి కూడా ఇంచుమించు అలాగే ఉంది. ఒక బీరువా నిండా సీసాలు ఉన్నాయి. వానాకాలపు చెమ్మకు కొన్ని సీసాల మీది కాగితాలు ఊడిపోయాయి, కాస్టిక్ సోడా గడ్డకట్టింది, మెగ్నీషియం తీగ బూడిద రంగుకు తిరిగింది. ప్రయోగం నేను చేస్తే పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు, వెనక వరుసలో ఉన్నవారికి నా వీపు తప్ప పరీక్షనాళిక కనిపించదు. తరువాత అందరూ రికార్డులో ఒకే పరిశీలన, ఒకే ఫలితం రాస్తారు.

క్షారాల పాఠం మొదలుపెట్టిన రోజున ఒక పిల్లవాణ్ణి "నువ్వు ఎప్పుడైనా క్షారాన్ని చూశావా?" అని అడిగితే, "లేదండి, మన ల్యాబులో ఉంటదేమోనండి" అన్నాడు. వాళ్ళ నాన్న ఆ ఉదయమే రొయ్యల చెరువులో సున్నం చల్లించి వచ్చాడని, సంచులు దింపడానికి ఆ పిల్లవాడే సాయం చేశాడని నాకు తరువాత తెలిసింది.

నా ప్రశ్న ఇది. హోంవర్కును ల్యాబుకు, ల్యాబును మళ్ళీ హోంవర్కుకు కలిపేలా, ఇంటి దగ్గర పిల్లవాడు చేసిన పని లేకపోతే మరునాటి పాఠం ముందుకు సాగని విధంగా ఎవరైనా నడిపారా? డబ్బు పెద్దగా ఖర్చు పెట్టలేను. ప్రమాదం ఏ మాత్రం ఉండకూడదు. పాఠ్యాంశాలు సమయానికి పూర్తికావాలి. మీ అనుభవాలు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

పసుపు కాగితం (విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు దగ్గర):

అమ్మా, మీరు రాసినది చదువుతుంటే నా మొదటి పదేళ్ళ ఉద్యోగం గుర్తుకు వచ్చింది. నేను చేసినది ఒక్కటే మార్పు. పాఠం చెప్పాక హోంవర్కు ఇవ్వడం మానేసి, పాఠం మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు ఇవ్వడం మొదలుపెట్టాను. పాఠం అయ్యాక ఇచ్చే పనికి జవాబు ముందే గైడులో ఉంటుంది కనుక పిల్లలు దానిని ఎత్తి రాస్తారు. పాఠానికి ముందు ఇచ్చే పనికి జవాబు వాళ్ళ వంటింట్లో తప్ప మరెక్కడా దొరకదు.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి నేను పసుపు కాగితాలు వాడేవాణ్ణి. ఒక చెంచాడు పసుపును కొద్దిపాటి స్పిరిట్‌లో కలిపి, తెల్ల కాగితానికి పూసి, నీడన ఆరబెట్టి, వేలెడంత ముక్కలుగా కత్తిరించాలి. పసుపులోని కర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే నీళ్ళతో చేసిన కాగితం మరకలు మరకలుగా వస్తుంది. స్పిరిట్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ కాగితాలు తయారుచేసే పని పిల్లలకు వదలకుండా, పొయ్యికి దూరంగా, మీరే చేయండి. ఒక్కొక్కరికి పది ముక్కలు కవరులో పెట్టి ఇచ్చి, ఇంట్లో ఉన్న ఎనిమిది వస్తువుల నీటిని దాని మీద ఒక్కొక్క చుక్క వేసి, ఏ రంగు వచ్చిందో రాసుకుని, ఆ ముక్కలను పుస్తకంలో అంటించి తీసుకురమ్మనాలి. చింతపండు పులుసు, పెరుగు మీది తేట, నిమ్మరసం, సబ్బు నీళ్ళు, వంట సోడా, తాంబూలానికి వాడే సున్నపు తేట, బోరు నీళ్ళు, కాలువ నీళ్ళు, ఏవైనా సరే. ఆమ్లం, క్షారం అనే మాటలు ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించకూడదు, రంగు మాత్రమే ఉండాలి. ఈ నియమాన్ని నేను ఎన్నడూ సడలించలేదు, ఎందుకంటే పేరు ముందు తెలిసిన పిల్లవాడు తాను చూసిన రంగును కాక, రావలసిన రంగును రాస్తాడు.

ఇందులో మంచి చిక్కు ఒకటి వస్తుంది. సబ్బు నీటికీ సున్నపు తేటకూ పసుపు కాగితం ముదురు ఎరుపుకు తిరుగుతుంది. వంట సోడా నీటికి మాత్రం అంత ఎరుపు రాదు, నారింజ రంగు దగ్గర ఆగిపోతుంది. కొందరు పిల్లలు "మారింది" అని, కొందరు "మారలేదు" అని రాసుకొస్తారు, క్లాసులో వాదన మొదలవుతుంది. అప్పుడు పొడి మూకుడులో వంట సోడాను సన్నని సెగ మీద పది పదిహేను నిమిషాలు కలియబెడుతూ వేయించి, చల్లారాక నీటిలో కలిపి చుక్క వేస్తే, అదే పసుపు కాగితం ఒక్కసారిగా ఎర్రబడుతుంది. వేడికి సోడియం బైకార్బనేటు నుంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు పోయి, సోడియం కార్బనేటు, అంటే చాకలి సోడా మిగులుతుంది. వేయించక ముందూ వేయించిన తరువాతా తూకం వేయిస్తే 10 గ్రాములు సుమారు 6.3 గ్రాములకు తగ్గుతుంది. ఆ అంకె పిల్లలకు కనిపించిన తరువాత, రెండు బైకార్బనేట్లకు ఒక కార్బనేటు అని బోర్డు మీద తుల్యం చేస్తే, ఆ సమీకరణాన్ని ఎవరూ చూసి రాయవలసిన అవసరం ఉండదు.

పసుపు ఆమ్లాన్ని చూపించదు కదా అని మీరు అడగవచ్చు. చింతపండుకూ మంచినీటికీ ఒకే పసుపు రంగు ఉండిపోవడం కూడా పిల్లలే కనిపెట్టాలి. "మరి పులుపును పట్టుకునే కాగితం ఎక్కడ దొరుకుతుంది?" అనే ప్రశ్న వాళ్ళ నోటి నుంచి వచ్చాక, శంఖుపుష్పాలు తెమ్మనండి. వేడినీటిలో నానవేస్తే వచ్చే నీలిరంగు నీరు నిమ్మరసానికి గులాబీ, ఊదా రంగులకూ, సున్నపు తేటకు ఆకుపచ్చకూ తిరుగుతుంది. ఎర్రమందారంతో కూడా చేయవచ్చు. మన ఊళ్ళలో కంచె మీద పూసేవే ఇవన్నీ.

లెక్కల హోంవర్కు విషయంలో ఒక చిన్న కిటుకు చెబుతాను. ప్రశ్న అందరికీ ఒకటే అయినా అంకె మాత్రం ఎవరి రోలు నంబరు వారిది. "నీ రోలు నంబరు అన్ని గ్రాముల కాల్షియం కార్బనేటును పూర్తిగా కాల్చితే ఎన్ని గ్రాముల పొడి సున్నం మిగులుతుంది?" అని ఇస్తే, 100 గ్రాములకు 56 గ్రాముల సున్నమూ 44 గ్రాముల కార్బన్ డయాక్సైడూ కాబట్టి ఏడవ నంబరుకు 3.92 గ్రాములు, పన్నెండవ నంబరుకు 6.72 గ్రాములు వస్తాయి. పద్ధతిని ఒకరినొకరు అడిగి నేర్చుకోవచ్చు, అది మంచిదే. జవాబును మాత్రం ఎత్తి రాయలేరు. నంబరును 0.56తో హెచ్చిస్తే సరిపోతుంది కనుక దిద్దడం కూడా సులువు.

భీమవరం ఆక్వా ల్యాబ్:

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. రైతులు తెచ్చే చెరువు నీటిని పరీక్షించే ల్యాబులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను, నా కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. టీచర్ గారు రాసిన ఆ పిల్లవాడి మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

మా దగ్గరకు వచ్చే రైతులలో చాలామంది పదో తరగతి దాటలేదు, కానీ పీహెచ్, అంటే నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, ఏమిటో వాళ్ళకు చేతి వేళ్ళలా తెలుసు. తెల్లవారుజామున తీసిన నీటికంటే మధ్యాహ్నం మూడు గంటలకు తీసిన నీటికి పీహెచ్ ఎక్కువగా ఉంటుందని ప్రతి రైతూ చెబుతాడు. పగలు ఎండలో నీటిలోని నాచూ పచ్చని సూక్ష్మజీవులూ కిరణజన్య సంయోగక్రియ కోసం కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి కనుక నీటిలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అవి కూడా రొయ్యలతో పాటు శ్వాసిస్తాయి కనుక కార్బన్ డయాక్సైడు పెరిగి పీహెచ్ తగ్గుతుంది, ఆక్సిజనూ తగ్గుతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తెల్లవార్లూ తిరగడానికి కారణం అదే. పీహెచ్ పెరిగినకొద్దీ అదే అమ్మోనియా రొయ్యలకు ఎక్కువ హాని చేస్తుంది కాబట్టి మధ్యాహ్నపు అంకె చూసి రైతు కంగారు పడతాడు. మీ పాఠంలోని జీవశాస్త్రం, రసాయన శాస్త్రం రెండూ ఈ ఒక్క చెరువులో ఉన్నాయి.

అందుచేత ఒకే చెరువు నుంచి పొద్దున్న ఒక సీసా, మధ్యాహ్నం ఒక సీసా తెప్పించి, పీహెచ్ కాగితంతో పక్కపక్కన చూపించండి. సీసాను నీటిలో ముంచి, బుడగ లేకుండా అంచు దాకా నింపి, నీటిలోనే మూత బిగించాలి. సగం నింపి తెస్తే దారిలో ఊగి గాలి కలిసి అంకె మారిపోతుంది. అయితే ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను: పిల్లలు చెరువు దగ్గరకు వెళ్ళకూడదు. గట్లు జారతాయి, ఏరేటర్లకు కరెంటు తీగలు ఉంటాయి. నీళ్ళు పెద్దలే తీసి ఇవ్వాలి, ఆ మాటను హోంవర్కు కాగితం మీదే రాసి పంపండి.

చెరువులు లేని ఇళ్ళ పిల్లలకు బోరు నీళ్ళు ఉన్నాయి. మన వైపు చాలా బోర్లలో ఇనుము ఎక్కువ. తోడిన వెంటనే తేటగా ఉన్న నీరు గంట గడిచేసరికి పసుపు పచ్చగా మారి, బిందె అడుగున తుప్పు రంగు పేరుకుంటుంది. ఆ నీటితో టీ కాస్తే నల్లబడుతుంది. టీలోని టానిన్లు ఇనుముతో కలిసి నలుపు తిరుగుతాయి. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా తయారుచేసుకున్నది ఇదే రసాయన చర్యతో. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, పచారీ కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంది. ఒక గ్రాము అన్నభేదిలో సుమారు 0.2 గ్రాముల ఇనుము ఉంటుంది. ఒక లీటరు నీటిలో ఒక గ్రాము కరిగించి, అందులోంచి 10, 25, 50 మిల్లీలీటర్లు తీసి, వేరువేరుగా లీటరు అయ్యేదాకా నీళ్ళు కలిపితే లీటరుకు 2, 5, 10 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మూడు ద్రావణాలు తయారవుతాయి. వాటికీ ఇంటి బోరు నీటికీ సమానంగా పలుచని కరక్కాయ నీళ్ళు చేర్చి, తెల్ల కాగితం మీద ఒకే ఎత్తున్న గాజు గ్లాసులలో ఉంచి, పైనుంచి చూసి, తమ ఇంటి నీరు ఏ గ్లాసుకు దగ్గరగా ఉందో పిల్లలు చెప్పగలుగుతారు. అంకె ఉజ్జాయింపుగానే వస్తుంది, కానీ అది వాళ్ళ ఇంటి అంకె.

రంగు గాఢతను బట్టి పరిమాణం కనుక్కోవడం చిన్న పిల్లల ఆట అనుకోవద్దు. మా భీమవరంలోనే 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా రంగును పోల్చి చూసేదే. ఫాస్ఫేటుకు మాలిబ్డేటూ ఒక క్షయకారిణీ కలిపినప్పుడు వచ్చే నీలిరంగు ఎంత చిక్కగా ఉందో దానిని బట్టి ఫాస్ఫరస్ ఎంత ఉందో చెబుతారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా పిలిచే ఆ పరీక్ష పేరు మన జిల్లా పిల్లలకు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పదో తరగతి టీచర్, తణుకు:

ఇక్కడ రాసినవన్నీ బాగున్నాయి, కానీ నేను కొంత భిన్నంగా చెప్పక తప్పదు. సమీకరణాలను తుల్యం చేయడం, సంయోజకతలు గుర్తుంచుకోవడం ఇవన్నీ చేతికి అలవాటు కావలసినవి. ఈత నేర్చినట్టు రోజూ కాస్త చేయకపోతే మార్చి నెల వచ్చేసరికి పిల్లలు నీటిలో తేలరు. ప్రయోగం చూసి ఉత్సాహపడిన పిల్లవాడు పరీక్షలో అల్యూమినియం సల్ఫేటు ఫార్ములా రాయలేక ఏడ్చిన సందర్భం నాకు తెలుసు. అందుకని వారంలో నాలుగు రోజులు పది నిమిషాల చిన్న అభ్యాసం, ఒక్క రోజు మాత్రం ఇంటి పరిశీలన ఇవ్వడం నాకు కుదిరింది. ప్రతి పాఠానికీ ప్రయోగం పెట్టాలనుకుంటే పాఠాలు పూర్తికావు. నెలకు రెండు చాలు, కానీ ఆ రెండూ పిల్లల చేతులతో జరగాలి.

ఆ రెండింటిలో ఒకదానిని నేనే పాడుచేసిన సంగతి కూడా చెబుతాను. చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని చెప్పే ద్రవ్యనిత్యత్వ నియమానికి సీసాలో నిమ్మరసం, బెలూన్‌లో ఒక గ్రాము వంట సోడా పెట్టి, బెలూన్‌ను సీసా మూతికి తొడిగి తూకం వేయించాను. బెలూన్ పైకెత్తితే సోడా జారి రసంలో పడింది, నురగ వచ్చింది, బెలూన్ ఉబ్బింది. "గాలి ఎక్కడికీ పోలేదు కనుక బరువు మారదు" అని ముందే చెప్పి మళ్ళీ తూకం వేస్తే, గ్రాములో వందో వంతు దాకా చూపించే మా చిన్న కాటా 0.3 గ్రాములకు పైగా తగ్గినట్టు చూపించింది. పిల్లలందరూ నా వైపు చూశారు. నేను "కాటా సరిగా లేదు, మారలేదనే రాసుకోండి" అన్నాను. ఒక అమ్మాయి మాత్రం "మూడుసార్లు వేసినా అంతే వస్తోంది టీచర్" అని నెమ్మదిగా అంది, నేను పట్టించుకోలేదు.

ఇంటికి వెళ్ళాక లెక్క వేసుకుంటే ఆ అమ్మాయే సరిగా చూసిందని తెలిసింది. ఒక గ్రాము సోడా నుంచి మన ఎండలకు సుమారు 300 మిల్లీలీటర్ల వాయువు వస్తుంది. బెలూన్ అంత మేర ఉబ్బి, అంత గాలిని పక్కకు తోస్తుంది. నీటిలో ముంచిన వస్తువు బరువు తగ్గినట్టు కనిపించడానికి కారణం ఏదో, ఇక్కడ గాలిలో అదే జరుగుతుంది. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు కనుక 300 మిల్లీలీటర్లకు మూడో వంతు గ్రాము పైచిలుకు తగ్గినట్టు కాటా చూపించి తీరాలి. కాటా తప్పు చెప్పలేదు, నేను చెప్పాను. మరునాడు క్లాసులో ఆ మాట ఒప్పుకుని, ఆ అమ్మాయి చేతనే ప్రయోగాన్ని మళ్ళీ చేయించాను. ఈసారి లీటరు కూల్‌డ్రింక్ సీసాలో కొద్దిగా నిమ్మరసం పోసి, అర గ్రాము సోడాను చిన్న కాగితంలో చుట్టి లోపల వేసి, వెంటనే మూత గట్టిగా బిగించాము. సీసా ఉబ్బదు కనుక తూకం మారలేదు. మూత తీస్తే బుస్సుమని వాయువు పోయి తూకం తగ్గింది. సోడా అర గ్రాము మించనివ్వకండి, సీసా గాజుది కాకూడదు.

ఆ రోజు నుంచి ల్యాబు రికార్డులో "రావలసిన ఫలితం" అనే గడి తీసేశాను. వచ్చినది రాయాలి, రాకపోతే ఎందుకు రాలేదో తనకు తోచిన కారణం రాయాలి. దానికే మార్కులు వేస్తున్నాను.

కెమిస్ట్రీ లెక్చరర్, అమలాపురం:

టీచర్ గారికి నమస్కారం. ఇంటి దగ్గర చేసే రసాయన శాస్త్రానికి నేను పూర్తిగా అనుకూలం, కానీ ఏది ఇంటికి పంపవచ్చో ఏది ల్యాబు గడప దాటకూడదో స్పష్టంగా గీత గీయాలి.

అన్నిటికంటే ముందు సున్నం గురించి. మన ఇళ్ళలో అది ఎంత పరిచయమైన వస్తువో కంటికి అంత ప్రమాదకరమైనది. కాల్చిన గుల్ల సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి, వేడి తుంపరలు ఎగురుతాయి. క్షారం కంటిలో పడితే ఆమ్లం కంటే లోతుగా పోతుంది. అందుకని సున్నం నానబెట్టే పని పిల్లలకు ఎన్నడూ ఇవ్వకండి. ముందురోజు మీరే నానబెట్టి, పైకి తేరిన సున్నపు తేటను మూత ఉన్న సీసాలో పోసి ఇవ్వండి. పొరపాటున కంటిలో పడితే మందుల కోసం వెతకకుండా, కంటిని తెరిచి పట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోసి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కాస్టిక్ సోడాతో కొబ్బరినూనె సబ్బు చేయించాలని చాలామంది ఉపాధ్యాయులకు సరదా ఉంటుంది. అది ల్యాబులో, మీ చేతులతో, కళ్ళజోడు పెట్టుకుని చేసి చూపించవలసినదే తప్ప హోంవర్కు కాదు. బాత్రూము కడిగే యాసిడ్డు, బావులలో వేసే బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది కనుక, ఇంట్లోని వస్తువులను పరీక్షించమన్నప్పుడు ఈ రెండింటినీ ముట్టుకోవద్దని పేరు పెట్టి చెప్పండి. "ప్రమాదకరమైనవి వాడకండి" అంటే పిల్లలకు ఏవి అలాంటివో తెలియదు.

స్థానభ్రంశ చర్యకు మన కొబ్బరి తోటలో ఉన్న ఉదాహరణ పుస్తకంలో లేదు. మొవ్వు కుళ్ళు తెగులుకు రైతులు ఒక శాతం బోర్డో మిశ్రమం వాడతారు: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రెండింటినీ వేరువేరుగా ప్లాస్టిక్ తొట్లలో కలిపి, ఆ తరువాత ఒకటిగా చేస్తారు. ఇనుప పాత్రలు వాడరు. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి శుభ్రమైన చాకునో కొడవలినో అందులో ఒక నిమిషం ముంచి తీస్తారు. దాని మీద రాగి రంగు పూత కనిపిస్తే మైలుతుత్తం ఇంకా మిగిలి ఉందని, మొక్క మాడిపోతుందని గ్రహించి మరికొంత సున్నపు నీరు కలుపుతారు. ఇనుము రాగిని దాని లవణం నుంచి బయటకు తోసేయడమే కదా ఇది! ఈ వారం హోంవర్కుగా, "బోర్డో మిశ్రమాన్ని ఇనుప బకెట్టులో ఎందుకు కలపరు, చాకు ఎందుకు ముంచుతారు?" అని తోటలో మందు కొట్టేవారిని అడిగి, వాళ్ళు చెప్పిన మాటలనే రాసుకురమ్మనండి. మరునాడు ల్యాబులో ఒక గ్రాము మైలుతుత్తం, ఒక గ్రాము సున్నం, 100 మిల్లీలీటర్ల నీటితో అదే మిశ్రమాన్ని చేసి, సున్నం చాలినప్పుడూ చాలనప్పుడూ మేకును ముంచి చూపించండి.

నలభై మందికి పరీక్షనాళికలు లేవన్న బెంగ వద్దు. వాడేసిన మాత్రల అట్టలలోని గుంటలు, కడిగిన ఇంజక్షన్ సీసాలు, మందుల షాపులో దొరికే డ్రాపర్లు చాలు. ఒక్కొక్క గుంటలో రెండు చుక్కల మైలుతుత్తం ద్రావణం, ఒక గుండుసూది వేస్తే చర్య పూర్తిగా కనిపిస్తుంది, ఎవరి అట్ట వారి ముందే ఉంటుంది, వెనక వరుస అనేది ఉండదు. వాడిన రాగి ద్రావణాన్ని మాత్రం కాలువలోనో బోదెలోనో పారబోయకండి. చేపలకూ రొయ్యలకూ రాగి విషం. ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి ఇనుప మేకులు వేసి ఉంచితే, నీలిరంగు పోయేసరికి రాగి చాలావరకు అడుగుకు చేరుతుంది.

లంక ఊరి టీచర్:

మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు, అందుకని జరిగినది జరిగినట్టు రాస్తాను.

పసుపు కాగితాలు ఇచ్చిన మరునాడు 42 మందిలో 29 మంది పుస్తకాలలో ముక్కలు అంటించుకుని వచ్చారు. మిగిలిన 13 మందిలో కొందరి కాగితాలు తడిసిపోయాయి, ఇద్దరు ముగ్గురు ఏమీ చేయలేదు. 29 పుస్తకాలలో ఏ రెండూ ఒకేలా లేవు. వంట సోడా దగ్గర మాస్టారు చెప్పినట్టే వాదన వచ్చింది, మూకుడు ప్రయోగం చేశాము, మా తూకం 10 గ్రాముల నుంచి 6.8 దగ్గర ఆగింది. 6.3 ఎందుకు రాలేదని పిల్లలే అడిగి, ఇంకా వేగవలసి ఉందేమోనని మళ్ళీ పొయ్యి మీద పెట్టించారు. రెండోసారి 6.4 వచ్చింది.

అసలు చెప్పవలసినది ఒక అమ్మాయి పుస్తకం గురించి. ఆమె రెండు ముక్కలకూ కింద "నాయనమ్మ సున్నం" అనే రాసింది, కానీ ఒకటి ముదురు ఎరుపు, ఒకటి దాదాపు పసుపు. నేను పొరపాటు జరిగిందేమో అనుకుని, తణుకు టీచర్ గారి కాటా సంగతి గుర్తుకు వచ్చి ఆగిపోయాను. అడిగితే, "ఎర్రనిది ఈ వారం కొన్న డబ్బాదండి, పసుపుది గూట్లో పాత డబ్బాలో ఎండిపోయినదండి" అంది. ఆ పాత డబ్బాను తెప్పించాము. గట్టిపడిన ఆ తెల్లని పెళ్ళను చిదిపి, దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వచ్చింది. కొత్త సున్నానికి నురగ రాలేదు. ఆ వాయువును సెలైన్ గొట్టం గుండా సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా మారింది. ఇన్నాళ్ళూ గూట్లో ఉండి, గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని ఆ సున్నం మళ్ళీ సున్నపురాయి అయిపోయిందని తరగతిలో మొదట అన్నది, నేను క్షారాన్ని చూశావా అని అడిగిన ఆ పిల్లవాడే. "అయితే చెరువు గట్టు మీద చిరిగిన సంచుల్లో ఉన్న సున్నం కూడా ఇలాగే అయిపోయుంటదాండి?" అని కూడా అడిగాడు. రేపు వాళ్ళ నాన్న ఆ సంచి పైపొర నుంచి ఒక చెంచా, లోపలి నుంచి ఒక చెంచా సున్నాన్ని మూత ఉన్న డబ్బాలలో పంపుతానన్నారు.

వచ్చే వారం బోరు నీటి పని మొదలుపెడదామనుకుంటున్నాము. కరక్కాయ నీళ్ళు ఎంత పలుచగా ఉండాలి? నేను కాచి చూస్తే ఆ నీటికే సొంతంగా పసుపు రంగు వచ్చి, 2 మిల్లీగ్రాముల గ్లాసుకూ మంచినీటి గ్లాసుకూ తేడా తెలియడం లేదు.

భీమవరం ఆక్వా ల్యాబ్:

కాచవద్దండి. ఒక కరక్కాయ పెచ్చును దంచి, గ్లాసుడు చల్లని నీటిలో రాత్రంతా నానవేసి, పొద్దున్న గుడ్డతో వడకట్టండి. గ్లాసుకు నాలుగైదు చుక్కలకు మించకుండా, అన్ని గ్లాసులకూ లెక్కపెట్టి సమానంగా వేసి, గాలి తగిలేలా పది నిమిషాలు వదిలేశాక చూడండి. ఇనుము లేని మంచినీటి గ్లాసు ఒకదానిలో కూడా అన్నే చుక్కలు వేసి వరుసలో మొదట ఉంచితే, కరక్కాయ సొంత రంగు ఎంతో పిల్లలకు కనిపిస్తుంది. నిమ్మరసం తగిలిన గ్లాసులు వాడకండి, పులుపుకు ఆ నలుపు విరిగిపోతుంది. ఆ పాత సున్నం డబ్బా కథను మా అమ్మాయికి చదివి వినిపించాను, ఇప్పుడు వాళ్ళ అమ్మమ్మ గూడు వెతుకుతోంది.